పెద్దల ఛాతీ ఎక్స్‌రేలో కనబడు మచ్చ

(దిగువ కృష్ణా డెల్టా గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను. ప్రచార శాఖలో పనిచేయు ఉద్యోగస్థుడను. రోగమునకు మందు వ్రాయవలసినది వైద్యుడే. అయినను, ఆసుపత్రికి పోవుటకు ముందు ఒక సంభాషణ, పోయి వచ్చిన పిమ్మట ఒక సంభాషణ గ్రామములోనే జరుగును. బందరు ప్రక్క పల్లెలోనైనను, గుడివాడ ప్రాంతములోనైనను, దివిసీమలోనైనను పెద్దవారు ఎక్స్‌రే కవరు చేతబట్టుకొని, "చదువుకున్నవాడివి, ఇందులో ఏమున్నదో చూడు నాయనా" అని అడుగునది మిమ్ములనే. ఆ సమయమున మీ నోట వచ్చు మాట వారిని ఆసుపత్రికి పంపవచ్చును. లేదా ఇంటనే కూర్చుండబెట్టవచ్చును. ఆ మాట ఎట్లుండవలెనో మీతో కలసి ఆలోచించుటకే నేడు వచ్చితిని.

ఇటీవల ఈ ప్రశ్న తరచుగా ఎదురగుచున్నది. 2024 డిసెంబరు 7వ తేదీన మన దేశమున క్షయ నిర్మూలనకై 100 దినముల ఉద్యమము ప్రారంభమైనది. మొదట కొన్ని జిల్లాలలో ఆరంభమై, పిమ్మట దేశమంతటికి విస్తరించినది. చేతితో మోసికొనిపోగల చిన్న ఎక్స్‌రే యంత్రములు ఈ కార్యక్రమములో గ్రామములకు వచ్చుచున్నవి. 60 ఏండ్లు దాటినవారు, మధుమేహము గలవారు, పొగ త్రాగువారు, పూర్వము క్షయ సోకినవారు, క్షయరోగి యింట నివసించువారు, వీరికి దగ్గు లేకపోయినను ఛాతీ ఎక్స్‌రే తీయవలెనన్నది నేటి పద్ధతి. అందుచేత గతమున ఎన్నడును ఎక్స్‌రే గది మొగము చూడని వృద్ధుల చేతికి సయితము నేడు ఒక ఫిలిం, ఒక చీటీ వచ్చుచున్నవి. ఆ చీటీలో "మచ్చ కలదు" అని యుండును. అంతటితో ఇల్లంతయు కలవరపడును. లేదా ఎవరును పట్టించుకొనరు. ఈ రెండును తప్పే. రెంటిని నేను కన్నులార చూచితిని.

రెండు ఇండ్ల కథ

మొదటిది మా యింటిదే. మాది దివిసీమలో ఒక చిన్న గ్రామము. మా తండ్రిగారికి 1991లో క్షయ సోకెను. మందులు నియమముగా వాడి స్వస్థులైరి. పాతికేండ్లు పొలము పనులు చేసికొనిరి. 2016లో దగ్గు, ఆయాసము వచ్చినవి. పట్టణమున ఒకచోట ఎక్స్‌రే తీయించితిమి. కుడి ఊపిరితిత్తి పైభాగమున మచ్చ కనబడెను. "క్షయ తిరగబెట్టినది" అని వెంటనే మందులు ఆరంభించిరి. తెమడ పరీక్ష చేయలేదు. చేయవలెనని అడుగుటకు మాకును తెలియలేదు. మూడవ వారమున వాంతులు పట్టుకొనెను, కన్నులు పచ్చబడెను. మందులు కాలేయమును దెబ్బతీసినవి.

అప్పుడు వేరొక వైద్యునికి చూపితిమి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పాత ఫిలిం ఉన్నదా?" మేము లేదనబోతిమి. ఇంతలో మా తల్లిగారు, "ట్రంకుపెట్టెలో ఉండాలి, డబ్బుపెట్టి తీయించింది గదా అని దాచాను" అన్నది. పట్టుచీర అడుగున, పాత వార్తాపత్రికలో చుట్టి ఆ ఫిలిం భద్రముగా నుండెను. వైద్యుడు రెండు ఫిలింలను కిటికీ వెలుతురున ప్రక్కప్రక్కన పట్టి చూపెను. అదే మచ్చ, అదే చోటు, అదే పరిమాణము. పాతికేండ్లుగా కదలని మచ్చ అది. మానిన పుండు తాలూకు గుర్తు. తెమడ పరీక్షలో క్రిమి కనబడలేదు. ఆయాసమునకు కారణము ఏండ్ల తరబడి కాల్చిన చుట్ట అని తేలెను. చుట్ట మాని, పీల్చు మందు వాడిన పిమ్మట ఆయన మరల వీధి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పగలిగెను.

రెండవది మా వీధిలోనిదే. మేమందరము పెద్దమ్మ అని పిలుచు ఒక వృద్ధురాలు మూడు నెలలు దగ్గెను. బరువు తగ్గెను, అన్నము సహించలేదు. ఎక్స్‌రేలో మచ్చ కలదని, తెమడ పరీక్ష చేయించుడని వ్రాసి పంపిరి. మా తండ్రిగారి సంగతి వీధి అంతటికి తెలిసినదే కదా! "ఆ వయసులో మచ్చలుండవా? పాతదే అయి ఉంటుంది" అని ఆమె కుమారుడు కవరును అటక మీద పెట్టెను. నాలుగు నెలలకు, ఆమె ప్రక్కలో పండుకొను మనుమరాలికి జ్వరము, మెడలో గడ్డలు వచ్చినవి. అది క్షయ. పిమ్మట పెద్దమ్మకును పరీక్ష చేయగా క్రిమి కనబడెను. ఇద్దరును మందులు వాడి కోలుకొనిరి. కాని ఆ బిడ్డకు ఒక విద్యా సంవత్సరము పోయెను.

సోదరులారా, ఈ రెండు ఇండ్లలోను ఫిలిం మీద కనబడినది మచ్చయే. ఒకచోట పాతదానిని క్రొత్తది అనుకొంటిమి. ఇంకొకచోట క్రొత్తదానిని పాతది అనుకొనిరి. రెండుచోట్లను తప్పిదము ఒక్కటే: ఫిలిం ఒక్కదానినే చూచి తీర్పు చెప్పుట.

ఫిలిం ఏమి చూపును?

జర్మనీ దేశీయుడైన రాంట్‌జెన్ అను శాస్త్రజ్ఞుడు 1895 నవంబరులో ఈ కిరణములను కనుగొనెను. 1901లో భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆయనకే లభించెను. ఈ కిరణములు గాలిగుండ సులభముగా పోవును, ఎముకగుండ పోజాలవు. అందుచేత గాలి నిండిన ఊపిరితిత్తులు ఫిలిం మీద నల్లగాను, ఎముకలు తెల్లగాను, గుండె, నీరు, కండ బూడిదవన్నె తెలుపుగాను కనబడును. నల్లగా నుండవలసినచోట తెల్లదనము కనబడినచో, అక్కడ గాలికి బదులు మరేదో ఉన్నదని అర్థము. అది ఏమి అన్న ప్రశ్నకు ఫిలిం చాలమారులు జవాబు చెప్పదు. ఫిలిం మీద పడునది నీడ. గోడ మీద నీడ చూచి మనిషి ఉన్నాడని చెప్పగలము గాని, అతని పేరు చెప్పలేము గదా.

ఈ పరీక్షకు భయపడనక్కరలేదు. ఒక ఛాతీ ఎక్స్‌రేలో శరీరమునకు తగులు కిరణముల మోతాదు, మనము నేలనుండియు ఆకాశమునుండియు సహజముగా సుమారు 10 దినములలో పొందు మోతాదుతో సమానము.

వయసు వలన కలుగు మార్పులు కొన్ని ఫిలింలో రోగమువలె తోచును. గుండెనుండి వెడలు పెద్ద రక్తనాళము గోడలో సున్నము పేరుకొని తెల్లని వంపుగీతగా కనబడును. ప్రక్కటెముకల కొనలయందలి మెత్తని ఎముక గట్టిపడి తెల్లని చుక్కలుగా కనబడును. వెన్ను వంగినవారి ఛాతీ ఆకారమే మారిపోవును. నిలుచుండలేనివారిని పండుకొనబెట్టి తీసిన ఫిలింలో గుండె ఉన్నదానికంటె పెద్దదిగా తోచును. నిండుగా గాలి పీల్చి నిలుపలేనివారి ఊపిరితిత్తుల అడుగుభాగము మసకగా నుండును. మెడలోని తాయెత్తు, గొలుసు, చొక్కా గుండీ, భుజము మీదికి వచ్చిన జడ కూడ మచ్చవలె కనబడవచ్చును. కనుక ఎక్స్‌రేకు వెళ్ళు పెద్దలకు గొలుసులు తీసి, జడ ముడిచి పైకి కట్టుకొని వెళ్ళవలెనని ముందే చెప్పుడు. గాలి నిండుగా పీల్చి బిగబట్టుట ఇంటియొద్దనే రెండుమూడు మారులు అలవాటు చేయించుడు.

పూడ్చిన గండి

మానిన క్షయ మచ్చను గూర్చి మన ప్రాంతమువారికి తెలుపుట కష్టము కాదు. కరకట్టకు ఎప్పుడో గండిపడెను. బస్తాలు వేసి, మట్టి పోసి పూడ్చిరి. ముప్పది ఏండ్లు గడచినను ఆ చోటు వేరుగానే కనబడును. దారిన పోవు క్రొత్తవాడు దానిని చూచి, "ఇచ్చట గండి కలదు" అని కేకలు వేయవచ్చును. ఊరివారు, "అది పాత గండిలే" అని నిర్లక్ష్యము చేయనువచ్చును. తెలిసినవాడు రెంటిలో ఏదియు చేయడు. గట్టు వెలుపలి వైపునకు దిగి, నేల చెమ్మగిల్లినదా, ఊట పుట్టుచున్నదా అని చేతితో తడిమి చూచును. నిరుటికంటె మట్టి జారినదా అని ఆరా తీయును.

ఊపిరితిత్తి మచ్చ విషయమున చెమ్మ చూచుట అనగా తెమడ పరీక్ష. నిరుటితో పోల్చుట అనగా పాత ఫిలిం చూచుట. గట్టు ఎట్లున్నదో చూచుట అనగా మనిషిని చూచుట: బరువు, ఆకలి, జ్వరము, దగ్గు, ఆయాసము. ఈ మూడును కలసినప్పుడే మచ్చకు అర్థము తెలియును. చీటీ చివర "క్లినికల్ కోరిలేషన్" అని తరచుగా వ్రాయుదురు. మనిషిని పరీక్షించి ఈ నీడతో పోల్చుకొనుడని దాని భావము. ఫిలిం చదివిన వైద్యుడే తన మాట తుదిమాట కాదని చెప్పుచున్నాడన్నమాట.

చీటీలోని మరికొన్ని మాటలు కూడ తెలిసికొనుట మంచిది. ఫైబ్రోసిస్ అనగా పీచుకట్టి గట్టిపడిన మచ్చ. కాల్సిఫికేషన్ అనగా సున్నము పేరుకొనుట. ఇది సాధారణముగా ఎన్నడో మానిన గాయమునకు గుర్తు. ప్లూరల్ థికెనింగ్ అనగా ఊపిరితిత్తి పైపొర మందమగుట. ఒపాసిటీ అనగా తెల్లని నీడ. అది వర్ణనయే గాని రోగము పేరు కాదు. కన్సాలిడేషన్ అనగా గాలి గదులు చీముతోనో, నీటితోనో నిండుట. కేవిటీ అనగా గుల్ల. ఈ మాట కనబడినచో ఆలస్యము చేయరాదు. ఎఫ్యూజన్ అనగా ఊపిరితిత్తి చుట్టును నీరు చేరుట. నాడ్యూల్ అనగా 3 సెంటీమీటర్లకు మించని గుండ్రని నీడ. అంతకు మించినదానిని మాస్ అందురు. ఈ మాటలను బట్టి మనము వైద్యము చేయరాదు. ఏది నేడే పోవలసినది, ఏది విచారించి పోవలసినది అని గ్రహించుటకు మాత్రము ఇవి ఉపకరించును.

ఫిలిం చాలదు, ఫిలిం లేకను చాలదు

ఫిలిం ఒక్కటి చాలనప్పుడు ఎక్స్‌రే ఎందుకని కొందరు అడుగవచ్చును. 2019 నుండి 2021 వరకు మన దేశమంతట క్షయవ్యాప్తిని గూర్చి సర్వే జరిగెను. అందు క్రిమి నిర్ధారణ అయిన రోగులలో నూటికి 42 మందికి పైగా ఎక్స్‌రే తీయకపోయినచో బయటపడియుండెడివారు కారు. వారికి చెప్పుకోదగిన దగ్గుగాని జ్వరముగాని లేవు. వయసు పెరిగినకొలది క్షయ ఎక్కువగా నుండుట కూడ ఆ సర్వేలో తేలెను. పోషణ తగ్గినవారు, పొగ త్రాగువారు, మధుమేహము గలవారు కూడ ఎక్కువగా గురియగుచున్నారు. కాబట్టి ఎక్స్‌రే వెదకిపెట్టు సాధనము. తెమడ పరీక్ష నిర్ధారణ చేయు సాధనము. ఒకటి లేక రెండవది అసంపూర్ణము.

కొన్నిచోట్ల ఫిలింను కంప్యూటరు చదివి చెప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ పద్ధతికి ఆమోదము తెలిపినది. కంప్యూటరు సయితము "వీరికి తెమడ పరీక్ష చేయుడు" అని మాత్రమే చెప్పగలదు. పాత మచ్చ గల వృద్ధుల విషయమున అది కూడ పొరపడవచ్చును. యంత్రము చెప్పినది గదా అని రోగిగా ముద్ర వేయరాదు.

తెమడ పరీక్ష ఇప్పుడు సులభమైనది. పూర్వము సూక్ష్మదర్శినితో క్రిమిని వెదకెడివారు. నేడు సీబీనాట్, ట్రూనాట్ అను యంత్రములు క్రిమి యొక్క జన్యుపదార్థమును కొలది గంటలలో గుర్తించుటయేగాక, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందుకు క్రిమి లొంగునో లేదో కూడ చెప్పగలవు. ట్రూనాట్ మన దేశముననే రూపొందినది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్షలు ఉచితము.

కాని యంత్రము ఎంత గొప్పదైనను, మనమిచ్చు నమూనా సరియైనది కావలెను. చాలమంది పెద్దలు, ముఖ్యముగా స్త్రీలు, సిగ్గుపడి ఉమ్మి ఇచ్చి వచ్చుచున్నారు. ఉమ్మిలో క్రిమి దొరకదు. ఉదయముననే నోరు పుక్కిలించి, ఆరుబయట నిలిచి, మూడుమారులు గట్టిగా గాలి పీల్చి, ఛాతీ లోపలినుండి దగ్గి తీసిన చిక్కని కళ్లె కావలెను. కళ్లె రానివారికి ఆవిరి పట్టించి తీయు విధానము ఆసుపత్రిలో కలదు. రాలేదని పరీక్ష మానివేయరాదు. గతమున క్షయ మందులు వాడినవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. మానినవారి తెమడలో చచ్చిన క్రిమి తాలూకు గుర్తులు కొంతకాలము కనబడవచ్చును. అట్టివారికి క్రిమిని పెంచి చూచు కల్చర్ పరీక్ష అవసరము కావచ్చును.

పెద్దలలో రోగము గుట్టుగా వచ్చును

యువకునికి క్షయ వచ్చినచో దగ్గు, సాయంకాలపు జ్వరము, తెమడలో రక్తము కనబడుట పరిపాటి. పెద్దలలో ఇవి స్పష్టముగా కనబడకపోవచ్చును. అన్నము సహించకపోవుట, బట్టలు వదులగుట, ఎల్లప్పుడు పండుకొనవలెననిపించుట, ఇంతమాత్రమే యుండవచ్చును. ఇంటివారు దానిని ముసలితనముగా భావించుట సహజము. మధుమేహము గలవారిలోను, వృద్ధులలోను మచ్చ అలవాటైన పైభాగమున గాక క్రిందిభాగమున కనబడుటయు కలదు. ముసలితనము మనిషిని నెమ్మదిగా వంచునేగాని మూడు నెలలలో చిక్కిశల్యము చేయదు. అట్లు చిక్కినచో కారణము వెదకవలెను.

మచ్చలన్నియు క్షయవి కావని కూడ గుర్తుంచుకొనవలెను. న్యుమోనియా పెద్దలకు జ్వరము లేకయే రావచ్చును. మాట తడబడుట, మగతగా నుండుట మాత్రమే కనబడును. మందుతో మనిషి కోలుకొన్నను ఫిలిం మీది నీడ తొలగుటకు వారములు పట్టును. పొగ త్రాగు అలవాటు గలవారికి, 50 ఏండ్లు దాటినవారికి ఆరు నుండి ఎనిమిది వారముల పిమ్మట మరల ఒక ఫిలిం తీయుమని వైద్యులు చెప్పుదురు. నీడ తొలగనిచో దానివెనుక కంతి దాగియున్నదేమో చూచుటకు అది. చాలమంది తగ్గినది గదా అని ఆ రెండవ ఫిలింకు పోవుట లేదు. గుండె బలహీనపడినవారికి ఊపిరితిత్తులలో నీరు చేరి తెల్లదనము కనబడును. రాత్రి పండుకొనలేక లేచి కూర్చుండుట, పాదములు వాచుట అందుకు గుర్తులు.

ఇక పొగ సంగతి. మన ఇండ్లలో తల్లులు ఏండ్ల తరబడి పుల్లలు, పిడకలు పెట్టి వంట చేసిరి. పురుషులు చుట్టలు కాల్చిరి. కల్లములలో ధాన్యపు దుమ్ము, గుడివాడ ప్రాంతపు మిల్లులలో ఊక దుమ్ము ఎందరో పీల్చిరి. వీటివలన ఊపిరి గొట్టములు ఇరుకై, గాలి లోపల నిలిచిపోవు జబ్బు వచ్చును. ఇట్టివారి ఫిలిం కొన్నిమారులు సరిగానే యుండును. ఎక్స్‌రే బాగున్నదని రోగము లేదనరాదు. గొట్టములో గాలి ఊది కొలుచు స్పైరోమెట్రీ పరీక్ష వారికి కావలెను. గుండ్రని నీడ కనబడినప్పుడు క్యాన్సరను భయము కలుగును. అప్పుడును పాత ఫిలిమే మేలుచేయును: రెండేండ్లుగా ఏమాత్రము పెరుగని గట్టి నీడ చాలవరకు ధైర్యము నిచ్చునది. పాత ఫిలిం లేనిచో వైద్యుడు స్కానింగు వ్రాయవచ్చును. దానిని వాయిదా వేయరాదు.

తెమడలో రక్తము పడుట, కూర్చున్నచోటనే ఆయాసము, పెదవులు నీలముగా మారుట, మాట తెలియకపోవుట, ఇవి కనబడినచో ఫిలిం గూర్చి చర్చలు మాని 108 వాహనమును పిలువవలెను.

భయమునకు కాలము చెల్లినది

ఒకప్పుడు క్షయ అనగా మరణమే. 1915లో మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము శానటోరియము వెలసినప్పుడు గాలి, విశ్రాంతి, ఆహారము తప్ప వైద్యునిచేత గట్టి మందు లేదు. తెలుగు సీమ నలుమూలలనుండి రోగులు ఇల్లు విడిచి అచ్చటికి పోయెడివారు. 1956లో మద్రాసున స్థాపితమైన క్షయ చికిత్సా కేంద్రము ఒక గొప్ప సత్యమును నిరూపించినది. ఇంటియొద్ద మందులు వాడిన పేద రోగులు శానటోరియములోని రోగులతో సమానముగ కోలుకొనిరి. వారివలన ఇంటివారికి అదనపు ముప్పును కలుగలేదు. 1959లో ప్రకటితమైన ఆ ఫలితము లోకమున క్షయ చికిత్సా విధానమునే మార్చినది. నేడు మామూలు క్షయకు 6 నెలల మందులు చాలును. మందులకు లొంగు క్రిమి అయినచో, చికిత్స ఆరంభించిన కొలది వారములలోనే ఇతరులకు సోకు అవకాశము మిక్కిలి తగ్గిపోవును.

కనుక మచ్చ అన్నమాట వినగానే ముసలివారిని పశువుల పాకలోనికి మార్చుట, కంచము గ్లాసు వేరుచేయుట అనవసరము, అమానుషము. క్షయ కంచము వలన సోకదు. దగ్గినప్పుడు గాలిలోనికి వచ్చు తుంపరల వలన సోకును. నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుట, గదిలో గాలి వెలుతురు ఆడునట్లు చూచుట, మందు వేళకు వేయుట, ఇవి చాలును. పెద్దలకు మందులు ఇచ్చునప్పుడు కన్నులు పచ్చబడుట, చూపు మసకబారుట, వాంతులు కలిగినచో మందులు తామే మానక, వెంటనే వైద్యునికి చూపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది: గ్రామములో 60 ఏండ్లు దాటినవారి జాబితా ఆశా కార్యకర్తతో కలసి తయారుచేయుడు. ఎక్స్‌రే శిబిరమునకు రాలేనివారు ఎవరో తెలిసియుండవలెను. సాధారణముగా మిగిలిపోవువారు ఒంటరి వృద్ధులు, రేవులకును చెరువులకును కూలికి పోవువారు.

రెండవది: మచ్చ కలదని చీటీ వచ్చిన ప్రతివారికి తెమడ పరీక్ష జరిగినదా అని విచారించుడు. పేర్లు నలుగురిలో చదువరాదు. రోగము గుట్టు రోగిది. ఇంటికి పోయి అడుగుడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఎచ్చటికి పొమ్మనినచో అచ్చటికి, అది గుడివాడ ఏరియా ఆసుపత్రి కానిండు, బందరులో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి కానిండు, తోడు మనిషిని కుదిర్చి పంపుడు. నాగాయలంక, కోడూరు చివరి గ్రామములనుండి బయలుదేరు వృద్ధునికి రోగముకంటె బస్సు ప్రయాణమే పెద్ద అడ్డంకి.

మూడవది: ఫిలింలు దాచు అలవాటు నేర్పుడు. మన తీరప్రాంతపు చెమ్మకు ఫిలింలు ఒకదానికొకటి అంటుకొని పాడగును. కాగితపు కవరులో నుంచి, నిలువుగా, పొడిచోట పెట్టవలెను. కవరు మీద పేరు, తేదీ, ఆసుపత్రి పేరు వ్రాయవలెను. నేడు పెక్కుచోట్ల ఫిలిం బదులు ఫోనులోనికి బొమ్మ పంపుచున్నారు. దానిని కూడ భద్రపరచి, చీటీ నకలు కాగితము మీద ఉంచుకొనవలెను.

నాలుగవది: మందులు వాడువారికి అందవలసిన సాయము అందునట్లు చూడుడు. నిక్షయ్ పోషణ యోజన క్రింద నెలకు 500 రూపాయలుగా నుండిన ఆహార సహాయము 2024 నవంబరు 1 నుండి 1,000 రూపాయలైనది. అది నేరుగా బ్యాంకు ఖాతాకు పోవును. ఖాతా లేని, ఆధార్ కలియని వృద్ధులకు సచివాలయమున ఆ పని చేయించి పెట్టుడు. 2022లో ఆరంభమైన నిక్షయ్ మిత్ర పథకము క్రింద గ్రామములోని కలిగినవారు రోగులకు ఆహారపు బుట్టలు ఇయ్యవచ్చును. సందేహములకు 1800-11-6666 అను ఉచిత ఫోను నంబరు కలదు. రోగి యింటివారికి పరీక్షలు, అవసరమైనచో ముందు జాగ్రత్త మందులు కూడ ఇప్పించుడు.

అయిదవది మిక్కిలి ముఖ్యము. 2023 మార్చి 24న క్షయరహిత పంచాయతీ కార్యక్రమము ప్రారంభమైనది. రోగులు తక్కువగా నున్నారని చెప్పుకొన్నంత మాత్రమున ఆ గౌరవము లభింపదు. ఏడాదిలో ప్రతి 1,000 మంది జనాభాకు కనీసము 30 మంది అనుమానితులకు పరీక్ష జరిగియుండవలెను. అటుపైన రోగులు వెయ్యికి ఒకరికి మించకుండవలెను. దీని భావమేమి? వెదకిన పిమ్మట లేదనుట వేరు, వెదకకయే లేదనుట వేరు. పేరు కొరకు రోగిని దాచిన గ్రామము తన బిడ్డలకే ద్రోహము చేసికొనును. ఒక రోగిని కనుగొన్న పంచాయతీ సిగ్గుపడనక్కరలేదు. ఆ యింటిలోని బిడ్డలను కాపాడితిమని సంతోషింపవలెను.

సోదర సోదరీమణులారా! రేపు ఒక వృద్ధుడు కవరు చేతబట్టుకొని మీ అరుగు ఎక్కును. ఫిలింను సూర్యుని వైపు ఎత్తి చూచి "ఏమీ లేదులే" అనవద్దు, "అయ్యో, క్షయ!" అనను వద్దు. కూర్చుండబెట్టి మూడు ప్రశ్నలు అడుగుడు. పాత ఫిలిం ఉన్నదా? తెమడ పరీక్ష అయినదా? ఒంట్లో ఎట్లున్నది, తిండి సహించుచున్నదా, బరువు తగ్గినదా? ఈ మూడింటికి జవాబులు ఒక కాగితము మీద వ్రాసి, ఆ కాగితమును కవరులో పెట్టి, వారిని వైద్యుని యొద్దకు పంపుడు. ఆ కాగితము వైద్యునికి సగము దారి చూపును.

మా తల్లిగారు చదువుకొనలేదు. డబ్బుపెట్టి కొన్నది పారవేయరాదని మాత్రమే ఆమెకు తెలియును. ఆ పొదుపే మా తండ్రిగారిని కాపాడినది. మా వీధి పెద్దమ్మ కవరును గూర్చి అడుగుటకు మాత్రము ఆ నాలుగు నెలలు ఎవరును ఆ గడప త్రొక్కలేదు, నేనును త్రొక్కలేదు. మీ గ్రామములలో అట్టి కవరు ఏ అటక మీదనైనను మిగిలియున్నదేమో, ఈ వారముననే విచారింపుడని ప్రార్థించుచున్నాను.